రాత్రి వచ్చిన అక్షరం పొద్దున్నకి పోతోంది, మా బాబుకి ఎలా నేర్పించాలి?

ప్రశ్న: నమస్తే మేడమ్. మా బాబుకి ఆరేళ్ళ ఎనిమిది నెలలు, ఒకటో క్లాసు. రాత్రి కూర్చోబెట్టి నేర్పిస్తే పది అక్షరాలు గడగడా చెప్తాడు, పొద్దున్న అడిగితే మూడు కూడా సరిగ్గా గుర్తుండట్లేదు. ఇరవై దాకా లెక్కపెడతాడు కానీ మధ్యలో పద్నాలుగు ఎగిరిపోతుంది. వాళ్ళక్క నాలుగేళ్ళకే చదివేసింది. టీచర్ ఏమో 'స్లో లెర్నర్ అండీ, ఇంట్లో బాగా ప్రాక్టీస్ చేయించండి' అన్నారు. ఆఫీసు నుంచి వచ్చాక రోజూ రెండు గంటలు కూర్చుంటున్నాం, చివరికి నేను కొట్టడం, వాడు ఏడవడం. మొన్న వాడే 'అమ్మా, నేను మొద్దునా' అని అడిగాడు. ట్యూషన్ పెట్టాలా, అదే క్లాసు మళ్ళీ చదివించాలా, డాక్టర్‌కి చూపించాలా? మావారు మాత్రం పెద్దయితే వాడే నేర్చుకుంటాడులే అంటున్నారు.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగినవాటికి వస్తాను గానీ ముందు మీ బాబు అడిగినదానికి జవాబు చెప్పాలి, ఎందుకంటే ఆరేళ్ళ పిల్లాడు 'నేను మొద్దునా' అని నోరు తెరిచి అడిగాడంటే చాలా రోజులుగా ఆ మాట లోపల పెట్టుకుని తిరుగుతున్నాడని అర్థం. మీరు వాడికి ఏం చెప్పారో రాయలేదు. ఇవాళ రాత్రి పడుకునేటప్పుడు పక్కన కూర్చుని చెప్పండి, కాదు నాన్నా, కొంతమందికి ఒకసారి చూస్తే గుర్తుంటుంది, నీకు ఇంకొన్నిసార్లు చూస్తే గుర్తుంటుంది, అన్నిసార్లూ నేను నీ పక్కనే కూర్చుంటా, ఇంక కొట్టను అని. 'నువ్వు అందరికంటే తెలివైనవాడివి' అని మాత్రం అనొద్దు, వాడు రోజూ క్లాసులో చూస్తూనే ఉన్నాడు కదా, అది నిజం కాదని వాడికి తెలిసిపోతుంది, ఆ తర్వాత మీరు నిజం చెప్పినా నమ్మడు.

కొట్టడం గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. మీరు ఉత్తరంలో దాచకుండా రాశారు, దాన్నిబట్టే మీకు ఎంత బాధగా ఉందో తెలుస్తోంది, రోజంతా పనిచేసి వచ్చి మళ్ళీ రెండు గంటలు కూర్చోవడం ఎవరికైనా కష్టమే. కానీ దెబ్బ పడుతుందేమో అని భయంగా ఉన్న పిల్లాడి బుర్ర మొత్తం మీ చెయ్యి ఎక్కడుందా అనే చూస్తూ ఉంటుంది, అక్షరానికి అందులో చోటు మిగలదు. కోపం వస్తోంది అనిపించిన క్షణమే పుస్తకం మూసేసి 'ఇవాళ్టికి చాలు, రేపు చూద్దాం' అనేసి లేవండి. ఒకరోజు చదువు పోతే ఏమీ కాదు.

ఇప్పుడు అసలు విషయం, రాత్రి వచ్చింది పొద్దున్నకి ఎందుకు పోతోంది. ఇది బద్ధకం కాదు, అశ్రద్ధ అసలే కాదు. మనం అప్పటికప్పుడు బుర్రలో పట్టి ఉంచుకునే చోటు చాలా చిన్నది. జార్జ్ మిల్లర్ అనే సైకాలజిస్టు 1956లో పెద్దవాళ్ళకే ఇంచుమించు ఏడు విషయాలు పడతాయని రాశాడు, తర్వాత వచ్చినవాళ్ళు అంత కూడా కాదు, నాలుగే అన్నారు. చిన్నపిల్లలకి అంతకంటే తక్కువే పడుతుంది, మెల్లగా నేర్చుకునే పిల్లలకి ఇంకా తక్కువ. మీరు రెండు గంటలు అదే పనిగా చెప్పిస్తే ఆ పదీ నోటిమీద నిలబడతాయి, మీకూ వచ్చేసినట్టే కనిపిస్తుంది, కానీ అవి లోపలికి దిగి స్థిరపడలేదు. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అని జర్మనీలో ఒకాయన అర్థంలేని పదాలు తనే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నానా అని తనని తనే పరీక్షించుకుని 1885లో పుస్తకం వేశాడు. నేర్చుకున్న మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ భాగం పోతుందని, ఒకేసారి కూర్చుని తిప్పడం కంటే రోజుల మీద విడివిడిగా తిప్పితే బాగా నిలుస్తుందని తేల్చాడు. అంటే పెద్దాయనకే అలా పోతుంటే మీ వాడికి పోవడంలో వింత లేదు. వాడికి నేర్పే పద్ధతి వాడి జ్ఞాపకానికి సరిపోవట్లేదు, అంతే.

అందుకని ఆ రెండు గంటలు రేపటి నుంచి ఆపేయండి. దాని బదులు రోజులో నాలుగుసార్లు, ఒక్కోసారి ఐదారు నిమిషాలు. పొద్దున్న రెడీ అయ్యేటప్పుడు, స్కూల్ నుంచి వచ్చి కాసేపు ఆడుకున్నాక, మీరు ఇంటికి రాగానే, పడుకునేముందు. పది అక్షరాలు వద్దు, వచ్చినవి మూడు, కొత్తది ఒకటి. ఆ కొత్తది మూడు రోజులు వరసగా పొద్దున్న లేవగానే, ఎవరూ అందించకుండా చెప్పగలిగితే అప్పుడే ఇంకో కొత్తది. ఇలా అయితే వారానికి రెండే వస్తాయి కదా, మిగతా పిల్లలు ఎక్కడికో వెళ్ళిపోతారు కదా అని మీకు గుండెల్లో రాయి పడుతుంది, నాకు తెలుసు. కానీ లెక్క చూడండి, ఇప్పుడు రోజుకి పది నేర్చుకుని నెల తర్వాత ఎన్ని మిగిలాయి? మూడు కూడా లేవు కదా. వారానికి రెండు చొప్పున నిలిచిపోతే నెలకి ఎనిమిది.

నేను ఇరవై ఏళ్ళకి పైగా చిన్నపిల్లలకి చెప్పాను, అందులో మెల్లగా నేర్చుకునేవాళ్ళే ఎక్కువ, నేను చేసిన తప్పు ఒకటి మీకు చెప్పాలి. ఒక పాప 'వ'నీ 'మ'నీ అస్తమానం కలిపేసేది. నేనేం చేశానంటే రెండూ పక్కపక్కన రాసి, ఇది వ, ఇది మ, చూడు తేడా, ఇది వ, ఇది మ అని వారం రోజులు ఊదరగొట్టాను. వారం అయ్యేసరికి ఇంతకుముందు వచ్చిన 'వ' కూడా పోయింది. అప్పుడు ఒకరోజు నేను మాట్లాడకుండా పాప వేలు ఎటు పోతోందో చూస్తూ కూర్చున్నాను. వేలు అక్షరం ఎడమవైపు గుండ్రం దగ్గరే ఆగిపోతోంది, రెండింటికీ ఆ గుండ్రం ఒకటే, 'మ'కి కుడివైపు ఉండే ఆ చివరి వంపు దాకా వేలు వెళ్ళట్లేదు. అంటే పాప చూసినదాన్నిబట్టి ఆ రెండూ ఒకటే అక్షరం! తను తప్పు చెప్పట్లేదు, నేను చూపించాల్సింది చూపించలేదు. ఆ తర్వాత 'మ' తీసి పక్కన పెట్టేశాను, రెండు వారాలు ఒక్క 'వ'నే, అది నిద్రలో లేపి అడిగినా చెప్పేంత గట్టిపడ్డాక అప్పుడు 'మ' తెచ్చి, ఆ చివరి వంపు మాత్రం ఎర్ర రంగుతో దిద్ది, వేలు దాని మీద తిప్పించాను. నాలుగు రోజుల్లో వచ్చేసింది. ఒకేలా కనిపించేవి, ఒకేలా వినిపించేవి ఒకేసారి నేర్పొద్దు, ప వ ష, ద ధ, ఎ ఏ, ఇలాంటి వాటి మధ్య కనీసం పది పదిహేను రోజులు ఎడం ఉంచండి.

వేలితో దిద్దించడం పాతకాలం పద్ధతి అనుకోకండి. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో పిల్లల బడి తెరవకముందు, ఇక వీళ్ళకి చదువు రాదని వదిలేసిన పిల్లలతోనే పనిచేసింది, వాళ్ళలో కొంతమంది మామూలు పిల్లలు రాసే పరీక్షలే రాసి పాసయ్యారు. ఆవిడ తర్వాత వాడిన గరుకు కాగితం అక్షరాలు ఇప్పటికీ ఆ బడుల్లో ఉన్నాయి. మీరు అంత చెయ్యక్కర్లేదు, ఒక పళ్ళెంలో సన్నటి ఇసక పోసి వేలితో రాయించండి, రాస్తూ ఆ శబ్దం పైకి అనాలి, కన్ను, వేలు, నోరు, చెవి నాలుగూ ఒకేసారి పనిచెయ్యాలి.

పద్నాలుగు ఎగిరిపోవడం గురించి కూడా చెప్తాను, నాకు అది చిన్న విషయంలా అనిపించలేదు. వాడు లెక్కపెట్టట్లేదు, పాటలా అప్పజెప్తున్నాడు, పాటలో ఒక మాట జారినట్టు జారుతోంది. గుండీలో గులకరాళ్ళో పద్నాలుగు ముందు పెట్టండి, పదింటిని ఒక గీతలా పేర్చి, మిగిలిన నాలుగూ కాస్త దూరంగా పెట్టండి. ఇదిగో పది, ఇవిగో నాలుగు, పది, నాలుగు, పద్నాలుగు అని మెల్లగా అనండి. మన మాటలోనే పదీ నాలుగూ రెండూ దాక్కుని ఉన్నాయి, అది వాడు చెవితో పట్టుకోవాలి. ఒక్కోటి ముట్టుకుని జరుపుతూ లెక్కపెట్టమనండి, ముట్టుకున్నదానికి ఒకే అంకె, రెండుసార్లు ముట్టుకోకూడదు. కూడికల్లో కూడా చూడండి, ఐదుకి మూడు కలపమంటే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతున్నాడా, ఐదు దగ్గర్నుంచి ఆరు, ఏడు, ఎనిమిది అంటున్నాడా. ఒకటి నుంచి మొదలుపెడుతుంటే ఇంకా ఆ మెట్టు మీదే ఉన్నాడని, కాగితం మీద లెక్కలు కొన్నాళ్ళు ఆపి వస్తువులతోనే చేయించాలని అర్థం.

ఇంకోటి, అడిగాక ఆగండి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో క్లాసురూముల్లో గమనిస్తే టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను ఆగి వెంటనే జవాబు అందించడమో, ఇంకొకళ్ళని అడగడమో చేస్తున్నారట, అదే మూడు సెకన్లకి పైగా ఆగితే ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా చెప్పడం మొదలుపెట్టారు. మీ వాడికి ఐదు సెకన్లు ఇవ్వండి, మనసులో లెక్కపెట్టుకోండి, చాలా పొడుగ్గా అనిపిస్తుంది. అప్పటికీ రాకపోతే 'ఆలోచించు ఆలోచించు' అని నిలదీయకుండా మీరే చెప్పేసి, వాడితో ఒకసారి అనిపించి, ఒక నిమిషం ఆగి మళ్ళీ అడగండి. తప్పు జవాబు నోట్లో ఎక్కువసేపు నానితే అదే గట్టిపడుతుంది. అలాగే ఇంట్లో పనులు చెప్పేటప్పుడు 'బ్యాగు లోపల పెట్టి, చేతులు కడుక్కుని, డైరీ తీసుకుని రా' అని ఒకే ఊపిరిలో చెప్తే వాడు చివరిదొక్కటే పట్టుకుంటాడు లేదా మధ్యలో నిలబడిపోతాడు, చూసేవాళ్ళకి మాట వినట్లేదు అనిపిస్తుంది. ఒకటి చెప్పండి, అది అయ్యాక ఇంకోటి.

డాక్టర్ సంగతి. తప్పకుండా చూపించండి, అదీ ట్యూషన్ కంటే ముందు. మొదట చెవులు. చిన్నపిల్లల్లో తరచూ జలుబు చేసేవాళ్ళకి కర్ణభేరి వెనక నీరులాంటిది నిలిచిపోతుంది, నొప్పి ఉండకపోవచ్చు, వినికిడి ఒకవారం బాగుంటుంది, ఒకవారం తగ్గుతుంది, అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. నీళ్ళలో తల ముంచి వింటే ఎలా ఉంటుందో అలా వింటూ ద, ధ తేడా పట్టుకోమంటే ఎలా? వినికిడి టెస్ట్ చేయించండి. తర్వాత కళ్ళు, ఎందుకంటే చూపు మసకగా ఉన్న పిల్లాడు నాకు సరిగ్గా కనిపించట్లేదు అని చెప్పడు, అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటాడు. రాత్రి గట్టిగా గురకపెడుతూ నోటితో ఊపిరి తీసుకుంటున్నాడా చూడండి, అలాంటి పిల్లలకి నిద్ర తెగిపోతూ ఉంటుంది, పగలు చూస్తే మందంగా కనిపిస్తారు. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి, మీ రెండు గంటల చదువు ఆ నిద్రలోంచి పోతోందేమో అది కూడా చూసుకోండి. మధ్యమధ్యలో కొన్ని సెకన్లు చూపు నిలిచిపోయి, పిలిచినా పలక్కుండా, మళ్ళీ ఏమీ జరగనట్టు ఆట కొనసాగిస్తుంటే డాక్టర్‌కి చెప్పండి, అది పరధ్యానం కాకపోవచ్చు, ఒకరకం ఫిట్స్ కూడా అలా ఉంటాయి. రక్తంలో ఐరన్, థైరాయిడ్ చూడాలా అన్నది పిల్లల డాక్టర్ చెప్తారు. ఇంతకుముందు బాగా వచ్చిన మాటలు, పనులు ఇప్పుడు పోతున్నాయి అంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు.

ఇవన్నీ బాగున్నాయంటే అప్పుడు పిల్లల సైకాలజిస్టు దగ్గర అసెస్‌మెంట్. ఆ మాట వినగానే భయపడకండి. ఈ తెలివితేటల పరీక్షలకి మూలం ఆల్ఫ్రెడ్ బినే, 1905లో పారిస్‌లో థియోడోర్ సిమోన్‌తో కలిసి చేసింది, ఏ పిల్లలకి అదనంగా సాయం కావాలో గుర్తించడానికి చేశారు, తెలివి ఇంతే, ఇక మారదు అనే వాదాన్ని బినే గట్టిగా కాదన్నాడు. మనం దాన్ని ముద్ర వెయ్యడానికి వాడుకుంటున్నాం, అది మన తప్పు. అసెస్‌మెంట్ వల్ల మీకు తెలిసేదేంటంటే ఇబ్బంది ఒక్క చదవడంలోనేనా, అంటే డిస్లెక్సియాలాంటిదా, లేక అన్నిట్లోనూ కాస్త మెల్లగా ఉన్నాడా, లేక దృష్టి నిలవకపోవడమా. స్లో లెర్నర్ అనేది జబ్బు పేరు కాదు, మామూలుగా ఐక్యూ 70కీ 85కీ మధ్య వచ్చే పిల్లల్ని అలా అంటుంటారు, కానీ టెస్టే చెయ్యకుండా ఆ మాట వాడేవాళ్ళే ఎక్కువ. డిస్లెక్సియా అని గట్టిగా చెప్పడానికి చాలాసార్లు ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా ఆగుతారు, అలాగని సాయం ఆపక్కర్లేదు, పైన చెప్పినవన్నీ రేపే మొదలుపెట్టొచ్చు.

వాడి పుట్టినరోజు క్లాసులో మిగతావాళ్ళతో పోలిస్తే ఎక్కడుందో కూడా ఒకసారి చూడండి. క్లాసులో అందరికంటే చిన్నవాడికీ పెద్దవాడికీ ఇంచుమించు ఏడాది తేడా ఉంటుంది, ఆరేళ్ళప్పుడు ఏడాది అంటే వాడి జీవితంలో ఆరోవంతు. అలాంటి చిన్నవాళ్ళని టీచర్లు ఎక్కువగా వెనకబడ్డవాళ్ళ కింద లెక్కేస్తారని చాలా దేశాల్లో చూశారు.

ట్యూషన్ ఇప్పుడు వద్దు. ఒక్కడినే కూర్చోబెట్టి, వాడు ఎక్కడున్నాడో అక్కడ్నుంచి మొదలుపెట్టే ఓపికైన మనిషి దొరికితే మంచిదే, కానీ పదిమందిలో కూర్చోబెట్టి స్కూల్లో అర్థంకాని హోంవర్క్‌నే మళ్ళీ రాయించే ట్యూషన్ అయితే ఓడిపోవడం రెండో పూట కూడా నేర్పినట్టు. అదే క్లాసు మళ్ళీ చదివించడం గురించి కూడా తొందరపడొద్దు. పోయినేడాది చెప్పినట్టే ఈ ఏడాదీ చెప్తే ఫలితం అదే వస్తుంది, పైగా స్నేహితులు పోతారు. చెప్పే పద్ధతి మారుతుంది, వాడికి విడిగా టైమ్ ఇస్తారు అని స్కూల్ వాళ్ళు మాటిస్తే అప్పుడు ఆలోచించొచ్చు.

టీచర్ దగ్గరికి మళ్ళీ వెళ్ళండి, గొడవకి కాదు. 'బాగా ప్రాక్టీస్ చేయించండి' అన్నారు కదా, దేన్ని ప్రాక్టీస్ చేయించాలి, సరిగ్గా ఎక్కడ ఆగిపోతున్నాడు అని అడగండి. ముందు బెంచీలో కూర్చోబెట్టమని, బోర్డు మీది ఐదు లైన్ల బదులు రెండు లైన్లు రాయనివ్వమని, రాయలేనిది నోటితో చెప్తే ఒప్పుకోమని అడగండి. అందరి ముందూ లేపి చదివించొద్దని కూడా చెప్పండి. చాలామంది టీచర్లు అడిగితే కాదనరు, నలభైమంది పిల్లల మధ్య వాళ్ళకి తట్టదు అంతే.

మీవారి మాటలో సగం నిజముంది. జాన్ కారల్ అనే విద్యావేత్త 1963లో ఒక మాట అన్నాడు, పిల్లల మధ్య తేడా అంటే ఒకే విషయం నేర్చుకోవడానికి ఒక్కొక్కళ్ళకి పట్టే టైమ్‌లో తేడా అని. నాకు ఆ మాట ఇన్నేళ్ళలో ఎప్పుడూ తప్పనిపించలేదు. అయితే ఆ టైమ్ దానంతటది పనిచెయ్యదు, ఆ టైమ్‌లో పక్కన ఒక మనిషి ఉండాలి. ఆయన్నీ రోజులో ఒక ఐదు నిమిషాలు తీసుకోమనండి, పడుకునేముందు కథ చదవడం ఆయనకి అప్పజెప్పండి. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే వాడికి చదవడం రాలేదని వాడి బుర్రకి కథలు, కొత్త మాటలు, జంతువుల సంగతులు, నక్షత్రాల సంగతులు అందకుండా ఆగిపోకూడదు. వాడు చదవగలిగినవి చిన్న మాటలే కావచ్చు, వినగలిగినవి పెద్ద కథలు.

వాళ్ళక్కతో పోల్చడం ఆపేయండి, వాడి ముందే కాదు, ఫోన్లో మీ అమ్మగారితో మాట్లాడేటప్పుడు కూడా, పక్కగదిలోంచి పిల్లలు అన్నీ వింటారు.

కొంతమంది పిల్లలు రెండుమూడేళ్ళలో అందరితో కలిసిపోతారు, కొంతమంది ఎప్పటికీ కాస్త మెల్లగానే నేర్చుకుంటారు, మీ వాడు ఏ దారిలో వెళ్తాడో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు, నేను చెప్పినా మీరు నమ్మకండి. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టి తేదీ వేసి, ఆ రోజు పొద్దున్న ఎవరూ అందించకుండా చెప్పినవి మాత్రమే రాయండి, రానివి రాయొద్దు. రోజూ చూస్తే ఏమీ కదలనట్టే ఉంటుంది, రెండు నెలల తర్వాత వెనక్కి తిప్పితే మీకే తెలుస్తుంది.

పొద్దున్నకి మూడు కూడా సరిగ్గా గుర్తుండట్లేదు అన్నారు కదా, ఒకటో రెండో మాత్రం నిలుస్తూనే ఉండాలి. అవి ఏవో రేపు పొద్దున్న అడిగి తెలుసుకోండి. వాటినే పెద్దగా కార్డుల మీద రాసి ముందు అవే చూపించండి, మిగతావన్నీ లోపల దాచెయ్యండి, వాడు గబగబా చెప్పేస్తాడు, చెప్పాక వాడి మొహం ఒకసారి చూడండి.